వంటింట్లో బహువ్రీహి



ఉత్పలమాలలో యతిభంగాల గురించి రాస్తానని కిందటి టపాలో మాట ఇచ్చాను. ఈ వారానికి ఆ మాట తప్పుతున్నాను. కారణం ఒక మైక్రోవేవ్ ఒవెన్. నవ్వదలచినవారు ఇక్కడే ఒకసారి నవ్వుకొని ముందుకు రండి. తరువాత నవ్వడానికి అంత వీలు ఉండకపోవచ్చు.

మొన్న సాయంత్రం ఎప్పటివలెనే నలుగురైదుగురు విశ్రాంత ఉపాధ్యాయులం గుడి మండపంలో చేరాం. వారిలో సంస్కృతం బోధించిన పెద్దాయన ఒకరున్నారు. నాకంటే నాలుగేళ్ళు పెద్ద. అమరం ఆయన నాలుక చివర ఉంటుంది. "ఏమయ్యా పండితుడా! ఇంట్లోంచి అగ్నిహోత్రుణ్ణి వెళ్ళగొట్టి కరెంటుపెట్టెను ప్రతిష్ఠించావట! భాషాప్రవీణ చదివింది ఇందుకేనా?" అన్నారు. తక్కినవారు గట్టిగా నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికి వచ్చి కాళ్ళు కడుక్కొన్నాక మాత్రం కోపం వచ్చింది. ఆయన మీద కొంత. రెండేళ్ళ కిందటిదాకా అచ్చం అలాగే మాట్లాడిన నా మీద ఎక్కువ.

అందుకే ఈ వాదం. నేను చెప్పదలచింది ముందే చెప్పేస్తాను. మైక్రోవేవు, వేడిగాలి, గ్రిల్లు మూడూ ఒకే పెట్టెలో ఉండే ఒవెన్ చిన్న వంటింటికి తగిన వస్తువే. అయితే ఏది కొనాలో, అసలు కొనాలో వద్దో నిర్ణయించే అధికారం రోజూ ఆ పొయ్యి ముందు నిలబడే మనిషిది. పొయ్యి ముందు నిలబడని మనబోటి పండితులదీ కాదు, ఎదురుగా నిలబడి అమ్మేవాడిదీ కాదు. ఈ చిన్న సంగతి తెలియడానికి నాకు అరవై నాలుగేళ్ళు పట్టింది.

2023 కార్తీకంలో తెల్లవారుజామున తులసికోట దగ్గర దీపం పెట్టి వస్తూ మా ఇంటావిడ తడిగచ్చు మీద జారిపడింది. కుడి మణికట్టు విరిగింది. పలక వేసి మరలు బిగించారు. ఎముక అతుక్కొంది గాని చేతికి వెనకటి పట్టు రాలేదు. కుక్కరు ఎత్తలేదు, మూకుడు పట్టుకొని వంచలేదు. అబ్బాయి బెంగుళూరులో ఉద్యోగం. విజయవాడలో ఉన్నది మేమిద్దరమే. వంటమనిషిని పెట్టుకొందామంటే మడి తెలిసినామె దొరకలేదు, దొరికినామె అడిగిన జీతం పింఛనుకు అందలేదు. అలా అరవైనాలుగో ఏట నేను మొదటిసారి వంటింట్లో అడుగుపెట్టాను. మంచినీళ్ళ కోసం కాదు, వంట కోసం.

చలికాలం ఎలాగో గడిచింది. వైశాఖం వచ్చాక తెలిసింది అసలు కథ. బెజవాడ ఎండలు మీకు తెలియనివి కావు. మా వంటిల్లు ఎనిమిదడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు. ఒకే కిటికీ, అదీ పడమటికి. అందులో నిలబడి పప్పు ఉడికించి, కూర వేయించి, పులుసు మరిగించి, అన్నం వార్చేసరికి పంచె తడిసి ఒంటికి అంటుకొనేది. ఒకరోజు తాళలేక మేజాబల్ల ఫ్యాను తెచ్చి గుమ్మంలో పెట్టాను. మంట రెపరెపలాడి ఆరిపోయింది. లోపలినుంచి మా ఇంటావిడ, "ఫ్యాను వేస్తే పొయ్యి ఉండదండీ. పొయ్యి ఉంటే ఫ్యాను ఉండదు" అంది. దెప్పుతూ అనలేదు. గసడదవాదేశం చెప్పినంత మామూలుగా చెప్పింది.

ఆ మాటకు నాకు నోట మాట రాలేదు. నలభై ఏళ్ళు ఆమె ఆ పొయ్యి ముందు నిలిచింది. పక్కగదిలో ఫ్యాను కింద చాప వేసుకొని మనుచరిత్రకు ప్రతిపదార్థాలు రాసుకొంటూ, "కూర చల్లారిపోయిందేమిటి?" అని అడిగినవాణ్ణి నేను. 2010 ప్రాంతంలో అబ్బాయి మొదటి జీతంతో మైక్రోవేవ్ కొంటానంటే "నిప్పు తగలని కూడు మనకు వద్దురా" అని ఉపన్యాసం ఇచ్చినవాణ్ణీ నేనే. ఆవేళ ఆమె ఏమీ మాట్లాడలేదు. ఆమెను ఎవరూ అడగలేదు కనుక మాట్లాడలేదు.

ఇక మండపంలో వినిపించిన ఆక్షేపణలకు వరుసగా జవాబులు.

మొదటిది శాస్త్రవిరోధం. ఏ శాస్త్రానికి? కట్టెల పొయ్యి పోయి కిరోసిన్ స్టౌ వచ్చినప్పుడు మా నాయనమ్మ దాన్ని మడిగదిలోకి రానివ్వలేదు. గ్యాసు బండ వచ్చినప్పుడు మా అమ్మ ఏడాదిపాటు దాని మీద కాఫీ తప్ప కాచలేదు. ఇవాళ అదే గ్యాసు బండ మీద ఆబ్దికం వంట చేసి, దాన్ని అగ్నిహోత్రమంటూ మైక్రోవేవును మాత్రం ఆక్షేపిస్తున్నాం. ఆబ్దికం నాడు పొయ్యి మీదే వండండి, మేమూ అలాగే వండుతున్నాం. తక్కిన రోజుల మాట ఏమిటి?

మన పెద్దలు వంటకు పెట్టిన గొప్ప పేరు నలభీమపాకం. పిల్లలకు సమాసాలు చెప్పేటప్పుడు ఈ మాట వందలసార్లు చెప్పి ఉంటాను. నలుడు రాజు, భీముడు రాజకుమారుడు. ఒకడు ఋతుపర్ణుడి కొలువులో బాహుకుడుగా వండాడు, మరొకడు విరటుడి కొలువులో వలలుడుగా వండాడు. ఇద్దరూ మగవారే! పైగా నలుడికి కుండలో నీళ్ళు చూపు తగిలితే నిండేవి. గడ్డి చేతబట్టి ఎండకు చూపితే నిప్పు పుట్టేది. కేశిని ఆ వింత చూసి వెళ్ళి దమయంతికి చెప్పింది. విసనకర్ర లేకుండా, ఊదుగొట్టం లేకుండా నిప్పు రాజేసుకొన్న నలుడి వంటను మనవారు ఆదర్శమన్నారే గాని శాస్త్రవిరుద్ధమనలేదు. పేరేమో ఇద్దరు మగవారికి ఇచ్చి, పొగను మాత్రం ఇంటింటా ఆడవారికి పంచిపెట్టిన మనం శాస్త్రం గురించి మాట్లాడేటప్పుడు కొంచెం గొంతు తగ్గించుకోవడం మర్యాద.

రెండవది రేడియేషన్ భయం. ఈ మాట వినగానే మనకు హిరోషిమా కళ్ళముందు నిలుస్తుంది. కాని రేడియేషన్ అంటే వికిరణం. దీపపు వెలుగూ వికిరణమే, కుంపటి సెగా వికిరణమే. ఒవెన్‌లోని తరంగాలు 2450 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యం గలవి. రేడియో తరంగాల కోవలోనివి. అణువులలోంచి ఎలక్ట్రాన్లను ఊడబెరికేంత శక్తి ఎక్స్‌కిరణాలకు ఉంటుంది గాని వీటికి లేదు. ఇవి ఆహారంలోని నీటి అణువులను అటూ ఇటూ తిప్పుతాయి. ఆ కదలికే వేడి అవుతుంది. మీట ఆపగానే తరంగం ఆగిపోతుంది. దీపం ఆర్పాక గదిలో వెలుగు మిగలనట్టే కూరలో ఏ తరంగమూ మిగలదు. ఈ తరంగం పొడవు సుమారు 12 సెంటీమీటర్లు. తలుపు అద్దంలో కనిపించే లోహపు వలకంతలు మిల్లీమీటరు మాత్రం ఉంటాయి కనుక వెలుగు బయటికి వస్తుంది, తరంగం రాదు. భయపడవలసిన చోటు ఒకటుంది: తలుపు వంగినా, బందులు వదులైనా, గొళ్ళెం సరిగా పడకపోయినా ఆ పెట్టెను వాడకూడదు. అలా జాగ్రత్తపడడం వివేకం. వాకిట్లోంచే "క్యాన్సర్, క్యాన్సర్" అని కేకలు వేసి వెళ్ళిపోవడం వివేకం కాదు.

మూడవది "సారం పోతుంది" అన్నది. సి విటమిన్ వంటివి నీటిలో కరిగిపోతాయి, ఎక్కువసేపు కాగితే నశిస్తాయి. తోటకూరను గిన్నెడు నీళ్ళలో ఉడకబెట్టి ఆ నీళ్ళు పారబోసే అలవాటున్న మనం, రెండు చెంచాల నీళ్ళతో నాలుగు నిమిషాలలో మగ్గే వంటను సారహీనమనడం న్యాయం కాదు.

ఈ పెట్టెకు పుట్టుకథ కూడా ఒకటుంది. 1945లో అమెరికాలో రేథియన్ అనే సంస్థలో రాడార్ యంత్రాల మీద పనిచేస్తున్న పెర్సీ స్పెన్సర్ జేబులో మిఠాయి కరిగిపోయిందట. ఎందుకు కరిగిందని ఆలోచించి ఈ పొయ్యి కనిపెట్టాడు. బడిచదువు కూడా పూర్తి చేయని మనిషి. 1947లో అమ్మకానికి వచ్చిన మొదటి పొయ్యి ఆరడుగుల ఎత్తు, సుమారు 340 కిలోల బరువు. వంటగట్టు మీద పట్టే పెట్టె అమెరికాలో 1967లో వచ్చింది. ఇరవై ఏళ్ళు శ్రమించి దాన్ని చిన్నది చేశారు. ఇప్పుడు దుకాణాలవారు మళ్ళీ పెద్దది చేసి మనకు అంటగట్టాలని చూస్తున్నారు.

దుకాణం మాటకు వచ్చాను కనుక అసలు యుద్ధం ఇక్కడ మొదలవుతుంది. ఆ దుకాణం పేరు అనవసరం. అన్నీ ఒకటే.

ద్వంద్వ సమాసం ఉభయపదార్థ ప్రధానమని, బహువ్రీహి అన్యపదార్థ ప్రధానమని మనం చదువుకొన్నాం. రామలక్ష్మణులంటే ఇద్దరూ ముఖ్యులే. చక్రపాణి అంటే చక్రమూ కాదు, పాణీ కాదు, మూడోవాడు. కాంబినేషన్ ఒవెన్ తయారుచేసినవాడి దృష్టిలో ద్వంద్వం. మైక్రోవేవు లోపలి తడిని వేడెక్కించి త్వరగా ఉడికిస్తుంది, కాని నీటి మరుగుస్థానమైన 100 డిగ్రీల దగ్గరే తచ్చాడుతుంది. పదార్థం ఎర్రబడాలంటే, పైన కరకరలాడాలంటే సుమారు 140 డిగ్రీలు దాటాలి. ఆ పని వెనుక కాయిలు, దాని ముందు పంకా పెట్టుకొని వేడిగాలిని తిప్పే కన్వెక్షన్‌ది, పైనుంచి ఎర్రగా కాలే గ్రిల్లుది. ఒకటి ఉడికిస్తుంది, ఒకటి కాలుస్తుంది. అవసరమైతే రెండూ కలిసి పనిచేస్తాయి. ఏ పదమూ తక్కువది కాదు.

అదే పెట్టె దుకాణంలోకి రాగానే బహువ్రీహి అయిపోతుంది. మైక్రోవేవు ముఖ్యం కాదు, వేడిగాలి ముఖ్యం కాదు, మన వంట అసలే ముఖ్యం కాదు. అమ్మినవాడి లాభం అనే అన్యపదార్థమే ప్రధానం. "సార్, ముప్ఫై రెండు లీటర్లు తీసుకోండి. చిన్నది తీసుకొంటే రేపు బాధపడతారు. ఇందులో రెండువందల వంటలు ముందే ఉన్నాయి, మీట నొక్కితే చాలు" అన్నాడు కుర్రవాడు. "నాయనా, మా ఇంటావిడకు అంతకన్నా ఎక్కువే వచ్చు" అన్నాను. నా చమత్కారానికి నేనే మురిసిపోయాను. చేతికి పట్టీ కట్టుకొని ఆమె నా పక్కనే నిలబడి ఉంది. ఆ అరగంటలో ఆ కుర్రవాడు ఆమెను ఒక్క ప్రశ్న అడగలేదు. చమత్కారాలు ఆడిన నేనూ అడగలేదు.

ఆమే అడిగింది. "బాబూ, ఈ తలుపు ఎటు తెరుచుకొంటుంది?"

కుర్రవాడికి వెంటనే అర్థం కాలేదు. నాకూ కాలేదు. మిత్రులారా, ఒవెన్ ఎన్నికలో అసలు ప్రశ్న ఇదే! మేము చూసిన పెట్టెలన్నింటికీ తలుపు బందులు ఎడమవైపున ఉన్నాయి. పిడి కుడివైపున పట్టుకొని ఎడమకు లాగాలి. పెట్టెకు ఎడమపక్క గోడ ఆనుకొని ఉంటే తలుపు పూర్తిగా తెరుచుకోదు. పళ్ళెం అడ్డంగా తీయాలి. కుడిచేతిలో పట్టులేని మనిషికి పిడి లాగడం కష్టం. మీట నొక్కితే దానంతట అదే తెరుచుకొనే తలుపు సులువు. ఈ సంగతి రెండువందల వంటల పట్టికలో ఎక్కడా లేదు.

ఆరోజు ఏమీ కొనకుండా తిరిగివచ్చాం. మరునాడు నేను చేసిన పని ఒకటి చెబుతాను. చిన్న వంటిళ్ళవారందరూ ఇది చేయండి, కానీ ఖర్చు లేదు. నేను చూసివచ్చిన రెండు పెట్టెల కొలతలకు సరిపడా పాత అట్టపెట్టెలు కోసి అతికించి రెండు ఉత్తుత్తి ఒవెన్లు తయారుచేశాను. ఒకటి 28 లీటర్లది, ఒకటి 23 లీటర్లది. వాటిని వంటింట్లో పెట్టి నాలుగేసి రోజులు వాటితో కాపురం చేశాం.

పెద్దపెట్టె రెండోరోజుకే ఓడిపోయింది. మన వంటగట్లు సాధారణంగా రెండడుగుల లోతు, అంటే 60 సెంటీమీటర్లు. ఆ పెట్టె లోతే సుమారు 50. వేడి పోవడానికి వెనుక నాలుగంగుళాలు, పైన ఎనిమిదంగుళాలు వదలమని దానితో ఇచ్చే పుస్తకం చెబుతుంది. ఇక గట్టు అంచుకూ తలుపుకూ మధ్య ఒక గిన్నె దించుకొనే చోటు మిగలలేదు. వేడిగిన్నె బయటికి తీసినవారు దాన్ని ఎక్కడ పెట్టాలి? నెత్తిన పెట్టుకోవాలా? కూరలు తరిగే చోటు పోయింది, మోచేయి నాలుగుసార్లు తగిలింది. "ఫ్రిజ్ మీద పెట్టుకోండి సార్" అని దుకాణంలో సలహా ఇచ్చారు గదా అని అక్కడా పెట్టి చూశాం. ఆమె భుజం కన్నా ఎత్తు. కాగిన పులుసు భుజం మీదినుంచి దించుకోవాలట! ఆ సలహా ఇచ్చినవాడు ఎన్నడైనా ఏదైనా దించాడా?

లీటర్ల లెక్కలో ఇంకో మాయ ఉంది. పెట్టె లోపల పళ్ళెం గుండ్రంగా తిరుగుతుంది. చతురస్రంలో ఇమిడిన వృత్తపు వైశాల్యం ఆ చతురస్రంలో నూటికి 78 వంతులే. మూలలు లీటర్లలో లెక్కకు వస్తాయి, వంటకు రావు. కనుక లీటర్లు కాదు, తిరిగే పళ్ళెం అడ్డకొలత అడగండి. ఇంట్లో మీరు వాడే గిన్నె అందులో నిరాటంకంగా తిరుగుతుందో లేదో చూసుకోండి. ఇద్దరికీ, అతిథి వస్తే నలుగురికీ పదిన్నర అంగుళాల పళ్ళెం మాకు చాలింది.

కరెంటు సంగతి కూడా కొనకముందే చూసుకోవాలి. కన్వెక్షన్ పనిచేసేటప్పుడు ఇటువంటి పెట్టె రెండువేల వాట్లకు పైగా లాగవచ్చు. మామూలు చిన్నప్లగ్గు 6 ఆంపియర్లది. 230 వోల్టుల దగ్గర అది మోయగలిగింది 1380 వాట్లు. కనుక 16 ఆంపియర్ల పెద్దప్లగ్గు, దానికి సరైన తీగ, ఎర్తు ఉండాలి. మా వంటింట్లో పెద్దప్లగ్గు ఒక్కటే, అదీ ఫ్రిజ్ వెనుక. ఎలక్ట్రీషియన్ని పిలిచి విడిగా మరొక తీగ లాగించాం. ఎక్స్‌టెన్షన్ పెట్టె మీద ఒవెన్ నడపడం కొరివితో తల గోక్కోవడమే.

పాత్రల ఖర్చు మరొకటి. మా ఇంట్లో ఉన్నవన్నీ స్టీలు గిన్నెలు. ఆమె పుట్టింటివారు పేరు చెక్కించి సారెలో పెట్టినవి. మైక్రోవేవులో అవి పనికిరావు. కాంబినేషన్‌లోనూ పనికిరావు, ఎందుకంటే అందులోనూ మైక్రోవేవు ఉంటుంది. ఒక్క కన్వెక్షన్ మీద మాత్రం లోహపు పాత్ర పెట్టవచ్చు. తిరగేసి చూస్తే, మైక్రోవేవుకు పనికివచ్చే ప్లాస్టిక్ గిన్నె కన్వెక్షన్‌లో కరిగి కూర్చుంటుంది. బంగారు అంచు పింగాణీ పళ్ళేలు నిప్పురవ్వలు రాలుస్తాయి. మూడింటికీ చెల్లేది వేడికి తట్టుకొనే బోరోసిలికేట్ గాజుపాత్ర. రెండు మంచి గాజుగిన్నెల ఖరీదు కూడా ఒవెన్ ధరలో కలిపి లెక్కవేసుకోండి. లేకపోతే మొదటివారంలోనే పెట్టెను తిట్టుకొంటారు.

చివరకు 23 లీటర్ల కన్వెక్షన్ పెట్టె కొన్నాం. మీట నొక్కితే తెరుచుకొనే తలుపు. అంకెలు కనిపించే తిప్పుడు మరలు. పాత తడిగ్రైండరు తీసేసి ఆ చోట ఇనపస్టాండు వేయించి, ఆమె నడుము ఎత్తుకు సరిగ్గా అమర్చాం. స్థలం ఆమె చూపించింది, ఎత్తు ఆమె చెప్పింది. నేను అంగుళాలపట్టీ పట్టుకొన్నాను.

ఇక అతిశయోక్తి అలంకారం నాకు ఇష్టమే గాని ఇక్కడ వాడను. ఈ పెట్టె పొయ్యిని మానిపించదు. తాలింపు దీనివల్ల కాదు. నూనె కాచి గారెలు వేయడానికి వీల్లేదు, ప్రయత్నించడం ప్రమాదం. ఇద్దరికి అన్నం వండడంలో కుక్కరును మించింది లేదు. గుడ్డు పెంకుతో పెడితే పేలుతుంది. వంకాయకు గాట్లు పెట్టకపోతే అదీ పేలుతుంది. పేలిన వంకాయను లోపలిగోడల మీదినుంచి గీకిన అనుభవంతో చెబుతున్నాను. ఒక్క అప్పచ్చి కోసం పెట్టెనంతా కాచడం దుబారా. రెండువేల వాట్లు అరగంట ఆగకుండా మండితే ఒక యూనిట్టు. ఇంట్లో ఇద్దరే ఉండి, పాలు కాచుకోవడం, కూర వెచ్చబెట్టుకోవడం తప్ప వేరే అవసరం లేనివారికి కన్వెక్షన్ అక్కరలేదు, సోలో అనే మామూలు పెట్టె చాలు. ఆ మాట దుకాణంలో చెప్పరు కనుక నేను చెబుతున్నాను. ఎయిర్ ఫ్రయర్ అని ఇప్పుడు ఇంటింటికీ వస్తున్నది కూడా తత్త్వానికి ఒక చిన్న కన్వెక్షన్ పొయ్యే. గట్టు మీద రెండింటికీ చోటు లేనివారు రెండూ కొనకండి.

చేసేవి ఏమిటంటే, దొండకాయలు, బీరకాయలు ఉడుకుతాయి. తాలింపు ఒక్కటీ పొయ్యి మీద రెండు నిమిషాలు. అప్పడం నూనె లేకుండా కాలుతుంది. వేరుశనగపప్పు, రవ్వ గాజుగిన్నెలో మధ్యమధ్య కలుపుతూ వేయించుకోవచ్చు. పచ్చడి వంకాయ గ్రిల్లు కింద తొక్క నల్లబడేదాకా కాలుతుంది. అన్నింటికన్నా ముఖ్యం, పెట్టె తన పని చేసుకొంటూ ఉంటే మనిషి దాని ముందు నిలబడనక్కరలేదు. ఫ్యాను వేసుకోవచ్చు.

ఒక ఆదివారం ఆమె దిబ్బరొట్టె పోద్దామంది. మా నాయనమ్మ దిబ్బరొట్టె ఎలా కాల్చేదో నాకు గుర్తుంది. మందపాటి గిన్నెలో మినప్పిండి, వరినూక కలిపి పోసి, కింద కుంపటి నిప్పులు, పైన మూత మీద నిప్పులు. పైనుంచీ కిందనుంచీ సమంగా వేడి. ఆలోచించండి! కన్వెక్షన్‌ను, గ్రిల్లును మన అవ్వలు వందేళ్ళ కిందటే ఒక మూతతో సాధించారు. గ్యాసు వచ్చాక పైనిప్పులు పోయాయి. రొట్టెను మధ్యలో తిరగేయవలసి వచ్చింది. విరిగిన మణికట్టుతో దిబ్బరొట్టె తిరగేయడం కుదరదు. అందుకే ఏడాదిన్నరగా మా ఇంట్లో దిబ్బరొట్టె లేదు.

ముందుగా కాచిన పెట్టెలో, మందపాటి అల్యూమినియం గిన్నెకు నూనె రాసి, ఒక్క కన్వెక్షన్ మీద, 200 డిగ్రీల దగ్గర, సుమారు 40 నిమిషాలు ఉంచాం. చివర కాసేపు గ్రిల్లు. నేను తీశాను, ఆమె వేలితో తట్టి చూసింది. డొల్లుగా మోగింది. ముక్క తుంచి నోట వేసుకొంది. "బొగ్గుల వాసన లేదు" అంది. నాకు గుండె జారింది. కొంచెం ఆగి, "అయినా బాగా కాలింది. చెయ్యి నొప్పిలేదు" అని రెండో ముక్క తుంచుకొంది.

మండపంలోని పెద్దాయనకు ఇదే నా జవాబు. అగ్నిహోత్రుణ్ణి మేము వెళ్ళగొట్టలేదు. ఆయన ముందు నలభై ఏళ్ళు నిలబెట్టిన మనిషిని కొంచెం కూర్చోమన్నాం. అదీ నలభై ఏళ్ళు ఆలస్యంగా, చెయ్యి విరిగాక.

విభేదించేవారు నిస్సంకోచంగా రాయండి. ప్రమాణాలు ఉటంకించండి, నా తప్పులు దిద్దండి, నా బహువ్రీహిని కర్మధారయమని నిరూపించినా సంతోషిస్తాను. ఒక్కటే నియమం. మీ వ్యాఖ్య మొదటి వాక్యంలో, ఇవాళ మీ ఇంట్లో అన్నం ఎవరు వండారో రాసి, ఆ తరువాత వాదం మొదలుపెట్టండి.

యతిభంగాలు వచ్చేవారం.

స్వస్తి.